పిడికెడు పాత గూడు

ఒమాన్‌లో సమాయిల్ దాటినాక ఖర్జూరపు తోటలు అయిపోయి రాళ్ల గుట్టలు మొదలయ్యే చోట ఒక కాలేజీ ఉంది. దాని వెనక కిటికీలు లేని పొడుగాటి ఇల్లొకటి. బయట నుంచి చూస్తే పాత సామాను పడేసే గోదాము అనుకుంటారు. లోపలికి పోతే రెండు తలుపులు, చెప్పులు మార్చుకునే గట్టు, నెత్తికి టోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు, ఆ తర్వాత చల్లటి గాలి. జూన్ నెలలో రోడ్డు మీద తారు కరిగి చెప్పుకు అంటుకుంటున్నా లోపల ఒకటే చలువ. మనుషుల సుఖానికి పెట్టిన చలువ అనుకునేరు. ఎలుకల కోసం పెట్టింది అది.

దేవవ్వ అక్కడ డ్యూటీకి వచ్చిన మొదటి రోజు ఈ సంగతి విని, ఇబ్రాలో సైట్ల మీద ఇటుకలు మోసే తన ఊరి మొగవాళ్లకు ఫోన్ చేసి, పుడితే ఎలుకై పుట్టండిరా అని చెప్పాలనుకుంది. ఆ ఎలుకలు ఎందుకున్నాయో, చివరికి ఏమవుతాయో తెలిశాక ఆ మాట మింగేసింది.

కోరుట్ల దగ్గరి పల్లె ఆమెది. పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి నలభై దాటేదాకా బీడీలు చేసింది. తునికాకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, మూతి ముడిచి, దారం కట్టి పడేసేది. చేత్తో పట్టిందంటే తంబాకు ఎక్కువా కాదు, తక్కువా కాదు. కార్ఖానాలో అందరి కట్టలూ విప్పి చూసి పక్కన పడేసే ఠేకేదారు దేవవ్వ కట్టలు మాత్రం విప్పకుండానే తీసుకునేవాడు. ఈ ముక్క ఆమె ఎవరికైనా పరిచయమైన పూటే చెబుతుంది. రెండోసారి కలిసినప్పుడు మళ్లీ చెబుతుంది. చదువు రెండో తరగతితో ఆగిపోయింది, సంతకం వరకే వచ్చు. అయితే ఆమెకు చదువు లేదని ఎవరైనా అంటే, వాళ్ల ఇల్లు ఎంత మురికిగా ఉంటుందో నలుగురిలో చెప్పి వస్తుంది.

బీడీల పని నెలకు పది రోజులకు పడిపోయాక ఒమాన్ వచ్చింది. సమాయిల్‌లో ఒక ఇంట్లో ముసలి తల్లిని చూసుకుంటూ ఏడేళ్లు చేసింది. ఆ తల్లి పోయాక, కాలేజీలో పనిచేసే ఆ ఇంటి కొడుకు ఈమె చేతి శుభ్రం తెలిసినవాడు కనుక ఊడ్చి తుడిచే కంపెనీకి చెప్పి ఇక్కడ పెట్టించాడు.

వెనక ఇంట్లో రెండు జాతులుండేవి. ఒకటో రూములో పెద్ద ఎలుకలు, రెండో రూములో చిట్టెలుకలు. చక్కెర రోగం మందుల కోసం వాటి మీద పరీక్షలు చేసేవాళ్లు. పరీక్ష చేసే పిల్లలు వారానికోసారి వచ్చి తోక దగ్గర ఒక బొట్టు రక్తం తీసుకుని పోయేవాళ్లు. మిగతా రోజుల్లో అవి తిన్నాయా, తాగాయా, పడుకున్నాయా అని చూడటానికి ఇద్దరే ఇద్దరు: దేవవ్వ, బాబు మియా. ఇద్దరి మీదా డాక్టర్ రహ్మా. సమాయిల్ ఆడపిల్లే. పశువుల డాక్టరు చదువు చదివి, ఎలుకకు కూడా నొప్పి ఉంటుందని పెద్ద పెద్ద ప్రొఫెసర్లతో కొట్లాడే మనిషి.

బాబు మియాది నిజామాబాదు. ఈ ఇంట్లోనే పంతొమ్మిదేళ్లుగా ఉన్నాడు. అరవైకి దగ్గరపడ్డాడు, మోకాళ్లు పోయాయి. చిట్టెలుకను తోక పట్టి ఎత్తకూడదని, దోసిలి పట్టి దాని దారిన దాన్నే ఎక్కనివ్వాలని దేవవ్వకు నేర్పింది ఆయనే. ఊళ్లో తునికాకు కట్టలు కొరికిన ఎలుకలను చీపురుకట్టతో బాది చంపిన చేతులవి. ఆ చేతుల్లోకి మొదటి చిట్టెలుక ఎక్కి మీసాలు ఆడించినప్పుడు దేవవ్వకు ఒళ్లు జలదరించింది. పదో రోజుకు అలవాటైంది. నెల తిరిగేసరికి, ఒకటో రూము ఎలుకల తోకలు చూస్తే తిండి సయించదని, తన చిట్టెలుకలకు మాత్రం ముద్దు మొహాలని కంపెనీ ఇచ్చిన రూములో తనతో ఉండే నలుగురు ఆడవాళ్లకు చెప్పడం మొదలుపెట్టింది.

వాటి సంసారం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. పెట్టెకు నాలుగు చొప్పున పన్నెండు పెట్టెలు, నలభై ఎనిమిది మొగ చిట్టెలుకలు. అడుగున చెక్కపొట్టు. దాక్కోవడానికి ఒక ఎర్రటి ప్లాస్టిక్ గుడిసె. మనకు ఎర్రగా కనిపించేది వాటికి చీకటిగా ఉంటుందట, అందుకని ఆ గుడిసె. పళ్లు అరగదీసుకోవడానికి చెక్కముక్క, దూరి ఆడుకోవడానికి అట్టగొట్టం, గూడు కట్టుకోవడానికి కాగితపు పీలికలు, దూది. ఆ పీలికలను అవి నోటితో చీల్చి, మెత్తగా చేసి, గిన్నెలాగా పేర్చి, నాలుగూ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతాయి. ఎవరి కాలు ఎవరిదో తెలియదు. మొదట్లో ఎలుకలకు ఆటబొమ్మలేంటని వెటకారం చేసిన దేవవ్వే, అట్టగొట్టం తడిసిందంటే డాక్టరమ్మ చెప్పేదాకా ఆగకుండా మార్చేది.

సోమవారం పెట్టెలు మార్చే రోజు. పాత పెట్టె తీసి కొత్త పెట్టె పెట్టాలి. పొట్టు కొత్తది, నీళ్లు కొత్తవి, గుడిసె కడిగింది. ఒక్కటే పాతది. పాత గూట్లోంచి పొడిగా ఉన్న చోట పిడికెడు తీసి కొత్త పెట్టెలో వెయ్యాలి. గోడ మీద ఇంగ్లీషులో, అరబీలో రాసి ఉంది. దేవవ్వకు అది బాబు మియా నోటితో చెప్పాడు. ఎందుకని అడిగితే, డాక్టరమ్మ చెప్పింది వెయ్యాలె, అంతే అన్నాడు. ఆయనకు తెలియక కాదు, ఆ పూట మోకాళ్లు నొప్పిగా ఉండి చెప్పే ఓపిక లేదు.

ఆ పిడికెడే దేవవ్వకు గొంతులో అడ్డం పడింది.

కోరుట్లలో అద్దె ఇల్లు మారినప్పుడు ఆమె అత్త పాత చీపురును గడప దాటనివ్వలేదు. పాత ఇంటి చెత్త కొత్త ఇంటికి మోస్తే పాత గాచారం కూడా బండెక్కి వస్తుందని ఆ తల్లి నమ్మకం. దేవవ్వ కూడా అట్లాగే పెరిగింది. అలాంటిది, గంటసేపు వేడి ఆవిరిలో ఉడికించి తెచ్చిన పెట్టెలో, ఎలుకలు వారం రోజులు పొర్లిన పీలికలు తెచ్చి వెయ్యాలా? బాబు మియా చూస్తున్నన్ని రోజులూ ముక్కు తిప్పుకుంటూ వేసింది. ఆయన మోకాళ్లు మరీ పట్టేసి రెండో రూము మొత్తం ఆమె చేతికి వదిలేశాక, మస్కట్ నుంచి తనిఖీ వాళ్లు వస్తున్నారని తెలిసిన సోమవారం, వెయ్యడం మానేసింది.

తనిఖీ వాళ్లు వచ్చారు. ఒకాయన వేలితో అరలు రాసి చూసుకుని, వేలు తెల్లగానే ఉందని ఆశ్చర్యపోయాడు. రెండో రూము అన్నిటికన్నా శుభ్రంగా ఉందని రాసి ముద్ర కొట్టిన కాగితం ఒకటి వచ్చింది. దాన్ని కడిగే రూములో గోడకు అంటించారు. చదవడం రాకపోయినా ఆ ముద్ర గుండ్రంగా, నీలంగా ఎక్కడుందో దేవవ్వకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఫోన్లో ఫోటో తీసి కూతురు రాజేశ్వరికి పంపింది. ఇక ఆ పిడికెడు పాత చెత్తకు ఈ జన్మలో రెండో రూములో చోటు లేదు.

రెండు వారాలకు తోకల మీద గాట్లు కనపడ్డాయి. మూడో వారానికి వీపుల మీద, నడుము దగ్గర వెంట్రుకలు పీకేసిన చోట ఎర్రటి పుండ్లు. డాక్టర్ రహ్మా రోజూ రావడం మొదలుపెట్టింది. మేత మారిందా, పక్కన మిషను చప్పుడు పెరిగిందా, దీపాలు వేళకు ఆరుతున్నాయా అని ఒక్కొక్కటే చూసింది. ఏదీ మారలేదు. అప్పుడు వాసనల మాట వచ్చింది. చిట్టెలుకకు కళ్లు అంతంత మాత్రం, లోకమంతా దానికి ముక్కులోనే ఉంది. రూములోకి వచ్చేవాళ్లలో ఎవరైనా గట్టి వాసన పూసుకుంటున్నారా అని అడిగింది.

బాబు మియాకు అత్తరు అలవాటు. పెళ్లప్పుడు మామగారు ఇచ్చిన అత్తరే నలభై ఏళ్లుగా వాడుతున్నాడు. డ్యూటీ రోజుల్లో పూసుకోడు. కాని గురువారం సాయంత్రమే శుక్రవారం నమాజుకు బట్టలు తీసి అత్తరు పూసి బట్టల పెట్టెలో పెట్టుకుంటాడు కనుక ఆ పెట్టెలోంచి వచ్చిన ప్రతి చొక్కాకూ ఎంతో కొంత అంటుకుని ఉంటుంది. డాక్టరమ్మ ఆయన్ను అడిగి, ఆయన నీళ్లు నమిలితే, దేవవ్వ వైపు తిరిగింది.

దేవవ్వ తల ఊపింది. వాసన వస్తుందని ఊపింది. అంతే, నోరు తెరిచి అబద్ధం ఏమీ చెప్పలేదు. అత్తరు వాసన రావడం నిజమే కదా.

బాబు మియాను రెండో రూములోకి రావద్దన్నారు. బయటి గోదాములో మేత బస్తాలు దించి పేర్చే పని ఇచ్చారు. అక్కడ చలువ లేదు. ఆ శుక్రవారం ఆయన అత్తరు లేకుండా నమాజుకు పోయాడు. పెళ్లయినాక అదే మొదటిసారి.

అయినా గాట్లు ఆగలేదు. దేవవ్వ మొద్దు మనిషి కాదు. గాట్లు ఎప్పుడూ మంగళవారమే ఎక్కువగా ఉంటున్నాయని, సోమవారం పెట్టెలు మార్చేది తానేనని ఆమె చేతివేళ్లే లెక్క చెప్పాయి. నాలుగో సోమవారం పెట్టెలు మార్చాక పోకుండా నిలబడి చూసింది. ఆ రూములో పగటిపూటను రాత్రి చేసి పెడతారు, మనుషులకు కనపడటానికి ఎర్ర దీపం ఒక్కటి ఉంటుంది. ఆ ఎరుపులో నాలుగు చిట్టెలుకలు కొత్త పెట్టెలోకి దిగి, మూలమూలా వాసన చూస్తూ, ఏదో పోగొట్టుకున్నట్టు తిరిగాయి. పొద్దున్నే ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయినవి ఒకదానికొకటి ఎదురుపడి, ఎవరు నువ్వన్నట్టు ఆగాయి. రెండు వెనక కాళ్ల మీద లేచి నిలబడ్డాయి. ఆ తర్వాతది చూడలేక మూత మీద చేత్తో తట్టింది.

అప్పుడు ఆమెకు ఉయ్యాల చీర గుర్తొచ్చింది.

రాజేశ్వరి మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు దూలానికి దేవవ్వ పాత చీరే ఉయ్యాలగా కట్టి ఉండేది. తంబాకు కంపు, పాల పులుపు, పిల్ల ఉచ్చ, అన్నీ కలిసి ఒక వాసన. ఒకనాడు దేవవ్వకు శుభ్రం పూని, దాన్ని విప్పి సోడా సబ్బు వేసి బండ మీద బాది ఉతికి, ఎండలో ఆరేసి, మళ్లీ కట్టింది. ఆ పూట పిల్ల నిద్రపోలేదు. మర్నాడూ పోలేదు. పరాయి ఇంట్లో పడేసినట్టు గుక్క పట్టి ఏడ్చింది. పక్కింటి ముసలమ్మ వచ్చి చూసి, దాని ఇల్లు నువ్వే ఉతికేసినవ్ గదనే అని తిట్టి, దేవవ్వ ఒంటి మీది రవిక విప్పించి ఉయ్యాలలో పరిచింది. పిల్ల దాంట్లో మొహం పెట్టి పడుకుంది.

నాలుగు వారాలుగా నలభై ఎనిమిది ఉయ్యాలలు ఉతుకుతున్నానని దేవవ్వకు అర్థమైంది. అర్థమైన పూటే చెప్పి ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. కాని గోడ మీద ముద్ర కాగితం ఉంది. కంపెనీకి ఫిర్యాదు పోతే వీసా రద్దు చేసి టికెట్ చేతిలో పెడతారు. అన్నిటికన్నా ముందు, దేవవ్వ పనిలో తప్పుందని ఇంతవరకు ఎవరూ అనలేదు. చెప్పకుండానే సరిచేద్దామనుకుంది.

మళ్లీ సోమవారం పన్నెండు పెట్టెల్లోనూ పాతది వేసింది. ఒక పిడికెడు వెయ్యమంటే రెండు వేసింది. వాసన కదా కావలసింది, ఎక్కడ గట్టిగా ఉందో అక్కడే తీయాలని, పెట్టె మూలల్లో బాగా తడిసి ముద్దైన పొట్టు ఏరి మరీ వేసింది.

మంగళవారం ఏడో పెట్టెలో ఒక చిట్టెలుక పక్కకు వాలి ఉంది. వీపు తెగి లోపలి ఎరుపు కనిపిస్తోంది. కళ్లు తెరిచే ఉన్నాయి, మీసాలు ఆడుతున్నాయి, లేవలేదు. డాక్టర్ రహ్మా దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, ఇంకా నొప్పి పడనివ్వడం న్యాయం కాదని, మందిచ్చి నిద్రపుచ్చింది. ఆ నిద్రకు లేవడం ఉండదు. దేవవ్వ ఆ పెట్టె కడుగుతూ పావుగంట ఒకే గుడిసెను రుద్దింది.

కాకపోతే ఆ రోజు ఆమె గుండెలో దిగబడింది ఇది కాదు. డాక్టరమ్మ ఆ పెట్టెలో మిగిలిన మూడింటినీ ఒకటొకటే ఎత్తి చూస్తూ ఒక మాట చెప్పింది. సమాయిల్‌లో ఏడేళ్లుండి అరబీ మాట చెవికి ఎక్కింది కనుక దేవవ్వకు తెలిసింది. రెండింటి ఒంటి నిండా గాట్లున్నాయి, మూడోదాని మీద ఒక్క గీత లేదు, నున్నగా మెరుస్తోంది. పెట్టెలో కొరికేది ఎవరో కనుక్కోవడం సులువు, ఒంటి మీద గీత లేనిదే కొరికేది అంది.

దేవవ్వ కళ్లు తనకు తెలియకుండానే కడిగే రూము గోడ వైపు పోయాయి. నీలం ముద్ర అక్కడే ఉంది.

బుధవారం నిర్ణయం వచ్చింది. ఆదివారం పొద్దున నలభై ఏడింటినీ విడదీస్తారు. నలభై ఏడు చిన్న పెట్టెలు, పెట్టెకొకటి. ప్రతి దానికీ గుడిసె, పీలికలు, చెక్కముక్క, గొట్టం అన్నీ ఉంటాయి. మొగవాటిని ఒకసారి విడిగా పెట్టాక మళ్లీ కలపడం కుదరదు. కలిపితే చంపుకుంటాయి. అంటే చచ్చేదాకా ఒంటరి. డాక్టరమ్మకు అది ఇష్టం లేదని మొహంలోనే తెలుస్తోంది. కాని ఒకదాన్నొకటి తినేస్తుంటే చూస్తూ ఊరుకోలేదు కదా.

దేవవ్వకు ఆ రాబోయే పెట్టెలు ఎట్లుంటాయో బాగా తెలుసు. సమాయిల్ ఇంట్లో ఆమెకు సొంత రూము ఇచ్చారు. మంచం, అద్దం, ఏసీ, గోడకు టీవీ. ఏ లోటూ లేదు. మంచివాళ్లు, ఒక్క మాట అనలేదు. ఆ రూములో ఏడేళ్లు, ఇంకొకళ్ల ఊపిరి వినపడక, టీవీలో అర్థంకాని భాషలో ఎవరో మాట్లాడుతుంటే ఆ మాటలు వింటూ నిద్రపోయింది. కంపెనీ రూముకు వచ్చిన రోజు నలుగురు ఆడవాళ్లు గురకలు పెడుతుంటే, పైకి తిట్టుకుంటూనే, ఏడేళ్లలో మొదటిసారి ఒళ్లు తెలియకుండా పడుకుంది.

గురువారం మధ్యాహ్నం టీ వేళకు గోదాముకు పోయింది. బాబు మియా మేత బస్తా మీద కూర్చుని మోకాలికి తడి గుడ్డ కట్టుకుంటున్నాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుని ఉంది. అత్తరు వాసన లేదు.

"మియా, నీ అత్తరు తప్పు లేదు" అంది.

ఆయన తలెత్తలేదు. "నాకెర్కే."

"ఎట్లెర్కనే?"

"పంతొమ్మిదేండ్ల సంది గీ చేతుల మీదికెల్లే పోయినయ్ అన్ని. అప్పుడు కొట్టుకోనియి అత్తరుకు ఇప్పుడు కొట్టుకుంటయా? గని ఎవరికి చెప్పాలె. నువ్వు సుత తలకాయ ఊపితివి."

"ఊపిన."

"ఎందుకూపినవ్ దేవక్కా?"

"నా మీదికి రావద్దని."

బాబు మియా అప్పుడు తలెత్తి చూశాడు. ఆమె నిలబడే మొత్తం చెప్పింది. తనిఖీ సోమవారం నుంచి మొదలుపెట్టి, మూలల్లో తడిపొట్టు ఏరి వేసిందాకా. కళ్లనీళ్లు పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఆయన మెత్తబడతాడని, మెత్తబడితే తిట్టడని ఆమెకు తెలుసు. ఆ తిట్టు తనకు రావలసిందే.

"పిడికెడు వెయ్యమని నేను చెప్పలేదా?"

"చెప్పినవ్."

"మరి?"

"కొత్తింటికి పాత చీపురు ఎవరన్న మోస్తరా అనుకున్న."

ఆయన మోకాలి గుడ్డ విప్పి, పిండి, మళ్లీ కట్టుకున్నాడు. "ఎలుకలకు చీపురెక్కడిదే" అన్నాడు. "గా ముద్ర కాయిదం జూసి నేను సుత ఖుష్ అయిన. నేను నేర్పిన మనిషి అని నా బీవీకి ఫోన్ల చెప్పిన. గిదా నువ్వు జేసింది."

ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది. దేవవ్వ ఎదురు బస్తా మీద కూర్చుంది.

"డాక్టరమ్మకు చెప్తవా?" అన్నాడు.

"గందుకే వచ్చిన. నా అరబీ అన్నం పెట్టుటానికి, ఇల్లు ఊడ్చుటానికే పనికొస్తది. గీ ముచ్చటకు చాలది. నువ్వు పక్కకుండి చెప్పాలె. సగం చెప్పి సగం దాయకు, నీకు పుణ్యముంటది."

"కంపెనీ వాడు పంపిస్తే?"

"పంపనీ. గవి నలభై ఏడు ఒంటిగ ఉండుడు నేను చూడలేను మియా. నేనున్న గట్ల."

ఇద్దరూ పోయారు. ఆయన మోకాళ్ల మూలంగా మెల్లగా, ఆయన మూలంగా ఆమె ఇంకా మెల్లగా. డాక్టర్ రహ్మా ఇంటికి పోబోతూ బ్యాగు భుజాన వేసుకుని ఉంది. బాబు మియా తన పంతొమ్మిదేళ్ల అరబీలో చెప్పాడు, మధ్యలో దేవవ్వ తన అరబీలో అందుకుని, తప్పు నాది, ఆయనది కాదు అని మూడుసార్లు చెప్పింది. డాక్టరమ్మ బ్యాగు కింద పెట్టింది. మొహం ఎర్రబడింది, గొంతు మాత్రం లేవలేదు. అరిచి ఉంటే దేవవ్వకు హాయిగా ఉండేది.

నాలుగు వారాల పరీక్షల లెక్క చెత్తబుట్టలోకి పోయిందని, ఆ రక్తపు బొట్లన్నీ ఉత్తపుణ్యానికి తీసినట్టేనని, చచ్చిపోయింది కూడా ఉత్తపుణ్యానికే చచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. బాబు మియా అందులో ఒక్క ముక్క తగ్గించకుండా తెలుగులో చెప్పాడు. అడిగిన సాయం సరిగ్గా చేశాడు.

తర్వాత డాక్టరమ్మ ఆమెను రెండో రూములోకి తీసుకుపోయి, తడిపొట్టు ఎక్కడి నుంచి తీశావో చూపించమంది. దేవవ్వ పెట్టె మూల చూపించింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి, గుడిసె కింద గూటి నడుమ వేలు పెట్టింది. అక్కడ పీలికలు పొడిగా, వెచ్చగా, దూదిలా ఉన్నాయి. మూలన ఉచ్చ పోసేది ఇది నా జాగా అని పోట్లాటకు గీసే గీత, ఆ వాసన మోసుకొస్తే తగువు కూడా వెంట వస్తుంది. నలుగురూ కలిసి పడుకున్న చోటి వాసన వేరే, అది ముక్కుకు తగిలితే మనవాళ్లే అని ఒళ్లు వదిలేస్తాయి. నిద్రపోయిన చోటు తేవాలి, పోసిన చోటు కాదు. ఇంతకన్నా విప్పి ఏ టీచరూ దేవవ్వకు ఏ పాఠమూ చెప్పలేదు.

బయటికి వచ్చాక డాక్టర్ రహ్మా గోడ మీది కాగితాన్ని, రెండు భాషల్లో ఉన్న దాన్ని, కాసేపు చూస్తూ నిలబడింది. ఏదో అంది. బాబు మియా తెలుగులో చెప్పాడు.

"రెండేండ్ల సంది నీకు రాని రెండు భాషలల్ల రాసి గోడకు పెట్టిన, ఎందుకో ఒక్కనాడు నోటితోని చెప్పలె, గది నా తప్పు అంటున్నది."

దేవవ్వ ఒప్పుకోలేదు. మియా నోటితో చెప్పాడని, వినంది తానేనని చెప్పమంది. ఒకరి తప్పును ఇంకొకరు మోస్తే ఏమవుతుందో ఈ నెలలో చూసింది చాలు.

ఆదివారం నలభై ఏడు పెట్టెలు రాలేదు. మూడే వచ్చాయి. మరీ కొరికే మూడింటిని తీసి విడిగా పెట్టక తప్పలేదు. వాటిని ఇక ఏ గుంపూ రానివ్వదు. మిగిలిన నలభై నాలుగింటికి రెండు వారాలు గడువు ఇచ్చింది డాక్టరమ్మ. కంపెనీకి కాగితం పోయింది. అక్కడి సూపర్‌వైజరు దేవవ్వను పిలిచి వార్నింగు ఇచ్చి, ఇంకొకటి వస్తే టికెటేనని చెప్పి, సంతకం పెట్టించుకున్నాడు. ముద్ర కాగితాన్ని దేవవ్వే గోకి తీసింది. జిగురు మరక ఉండిపోయింది. అంత శుభ్రం మనిషి ఆ మరకను తుడవలేదు.

బాబు మియా రెండో రూముకు తిరిగి వచ్చాడు. మొదటి రెండు రోజులు పనికి కావలసినంతే మాట్లాడాడు. మూడో రోజు ఆమె టీలో చక్కెర తక్కువైందని తిట్టాడు. దేవవ్వకు ప్రాణం లేచొచ్చింది.

సోమవారం పెట్టెలు మార్చేటప్పుడు ఆయన పక్కనే నిలబడ్డాడు. దేవవ్వ గుడిసె ఎత్తి, గూటి నడుమ వేళ్లు పెట్టి, తడి తగిలితే వదిలి, పొడి తగిలితే తీసి, ముప్పై ఏళ్లు తంబాకు కొలిచిన చేత్తో కొలిచింది. పన్నెండు పెట్టెల్లోనూ ఒక్కటే కొలత. ఎర్ర దీపం కింద మొదటి పెట్టెలో నాలుగూ దిగి, మూలలు వాసన చూసి, ఆ పిడికెడు దగ్గరికి వచ్చి ఆగాయి. ఒకటి పీలిక నోట కరిచి గుడిసెలోకి లాక్కుపోయింది. ఇంకొకటి దాని వెనకే పోయింది. కాసేపటికి గుడిసె వాకిట్లో ఒక తోక మాత్రం కనపడుతోంది, అది ఎవరిదో తెలియదు.

మంగళవారం పొద్దున చూస్తే తొమ్మిది పెట్టెల్లో కొత్త గాటు లేదు. రెండింటిలో పాత గాట్లే మానుతున్నాయి. ఒక్క నాలుగో పెట్టెలో ఒక తోక మీద చిన్న గీత కనపడింది. డాక్టరమ్మ అది రాసుకుని, చూద్దాం అంది. అంతకన్నా ఎక్కువ ఆశ పెట్టలేదు, దేవవ్వ కూడా అడగలేదు.

కింది అరలో మూడు ఒంటరి పెట్టెలున్నాయి. దేవవ్వ వాటిని ఎప్పుడూ ఆఖరుకు పెట్టుకుంటుంది. వాటికి పీలికలు రెండింతలు వేస్తుంది. పక్కన ఒళ్లు లేనప్పుడు గూడైనా మందంగా ఉండాలి కదా. డాక్టరమ్మ చూసి వద్దనలేదు. వాటి పాత గూట్లోంచి కూడా పిడికెడు తీసి వేస్తుంది. అందులో ఉన్నది దాని వాసన ఒక్కటే. అయినా వేస్తుంది. వేసి, మూత పెట్టి, అది వచ్చి వాసన చూసి, ఒంటిగా దాన్ని లాక్కుని గుడిసెలోకి పోయేదాకా అక్కడే వంగి నిలబడుతుంది.

"టీ చల్లారుతున్నది దేవక్కా" అని బాబు మియా తలుపు అవతల నుంచి పిలుస్తాడు.

"వస్తున్న పో" అంటుంది. మూడోది ఇంకా గుడిసె బయటే ఉంది.